ఓషన్ సిటీ బోర్డ్‌వాక్ మీద పిల్లలతో, పెద్దవాళ్లతో తక్కువ ఖర్చులో తిండి

మేరీల్యాండ్ ఓషన్ సిటీకి కుటుంబంతో వెళ్తున్నవాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది ఒకటే, సముద్రం కనిపించే రెస్టారెంట్‌లో టేబుల్ కోసం సాయంత్రమంతా పాడు చేసుకోకండి. ఇక్కడ బీచ్‌కి టికెట్ లేదు, న్యూజెర్సీలో చాలా బీచ్‌ల దగ్గరలా మనిషికి ఇంత అని ట్యాగ్ కొనక్కర్లేదు. ఆ ఇసుక పక్కనే 27వ స్ట్రీట్ దాకా దాదాపు 3 మైళ్ల చెక్క బోర్డ్‌వాక్, దాని మీద బెంచీలు, తినడానికి కౌంటర్లు. ఏదో ఒకటి కొనుక్కుని బెంచీ మీద కూర్చుంటే చాలు, ఎదురుగా అదే సముద్రం.

మాతో మా అత్తయ్యగారు ఉన్నారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. శనివారం రాత్రి నీళ్లకి ఎదురుగా ఉన్న ఒక సీఫుడ్ రెస్టారెంట్‌కి వెళ్తే టేబుల్ దొరకడానికి ముప్పావుగంట పట్టింది, ప్లేట్లు రావడానికి దాదాపు అంతే పట్టింది, చిన్నవాడి చికెన్ టెండర్స్ వచ్చేసరికి వాడు నా భుజం మీద నిద్రపోయాడు. అత్తయ్యగారికి దొరికింది ఒక సలాడ్, ఒక బేక్డ్ పొటాటో. బిల్లు 140 డాలర్లు దాటింది. ఎక్కువమంది కలిసి వెళ్తే చాలా చోట్ల టిప్పు ముందే కలిపేస్తారు, కింద మళ్లీ టిప్పు కోసం ఖాళీ గీత కూడా ఉంటుంది, కాబట్టి గ్రాట్యుటీ అనే లైన్ ఉందో లేదో చూశాకే సంతకం పెట్టండి.

మర్నాడు మాత్రం మా తిండంతా బోర్డ్‌వాక్ మీదే. థ్రాషర్స్ అని 1929 నుంచి ఉన్న ఫ్రైస్ కౌంటర్ ఉంది, అక్కడ ఫ్రైస్ తప్ప వేరే తిండి అమ్మరు. శాకాహారులకి దీని విలువ ఏంటో వేరే చెప్పక్కర్లేదు, ఆ నూనెలో చేపా చికెనూ వేగలేదని నిశ్చింతగా తినొచ్చు. మిగతా చోట్ల ఫ్రయర్ వేరేదా కాదా అని అడిగితే సగం మందికి తెలియదు. వేయించేది వేరుశనగ నూనెలో, కాబట్టి ఆ ఎలర్జీ ఉన్న పిల్లలకి పెట్టొద్దు. కెచప్ ఇవ్వరు, అడిగినా ఉండదు. ఉప్పు, యాపిల్ సైడర్ వెనిగర్ మాత్రమే. పైపైన చల్లితే అడుగువి చప్పగా ఉంటాయి, పైన ఉన్నవి కొన్ని తినేశాక మళ్లీ కొంచెం వెనిగర్ పోసి డబ్బాని ఒకసారి కుదిపితే వేడి దుంప ఆ పులుపుని పీల్చుకుని లోపలిదాకా పడుతుంది. మన పులుపు నోళ్లకి ఇది భలే నచ్చుతుంది, అత్తయ్యగారు మారు మాట్లాడకుండా తిన్నారు. పెద్ద డబ్బా ఒకటి తీసుకుంటే చిన్నవి విడివిడిగా కొన్నదానికంటే నయం. సీగల్స్ మాత్రం జాగ్రత్త, చేతిలోంచే లాక్కుపోతాయి, గోడకో షాపుకో వీపు ఆనించి తినండి.

పిల్లలకి చీజ్ పిజ్జా స్లైసులు, ఆఖర్న ఫిషర్స్ క్యారమెల్ పాప్‌కార్న్. ఇది 1937 నుంచి ఉన్న షాపు, మూత ఉన్న డబ్బా తీసుకుంటే తిరుగు ప్రయాణంలో కారులో కూడా పనికొస్తుంది. ఫన్నెల్ కేక్ అని నూనెలో వేయించే తీపి ఉంటుంది, దాని పిండిలో మామూలుగా గుడ్డు కలుపుతారు, పెద్దవాళ్లకి ఇచ్చేముందు అడగండి. మధ్యాహ్నానికి మేం పులిహోర, పెరుగన్నం కూలర్‌లో పెట్టుకుని బీచ్‌లోనే గొడుగు కింద తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు. మద్యం మాత్రం బీచ్‌లోనూ బోర్డ్‌వాక్ మీదా కుదరదు, సాయంత్రాలు పిల్లలతో ప్రశాంతంగా తిరగగలిగామంటే అదీ ఒక కారణమే అనుకుంటాను.

పీతలు తినాల్సిందే అనుకుంటే మధ్యాహ్నం వెళ్లండి, లేదా త్వరగా వచ్చినవాళ్లకి తగ్గించే ఎర్లీ బర్డ్ మెనూ ఉందేమో అడగండి. టేబుల్ మీద గోధుమరంగు కాగితం పరిచి ఓల్డ్ బే మసాలా దట్టించిన ఆవిరి పీతలు కుప్ప పోస్తారు, చిన్న చెక్క సుత్తితో పగలగొట్టుకోవాలి. డజన్ల లెక్కన అమ్ముతారు, రేటు రోజుని బట్టి మారుతుంది, అడక్కుండా ఆర్డర్ ఇవ్వొద్దు.

సూర్యాస్తమయం బీచ్ వైపు కనపడదు, అది ఊరికి పడమటి పక్కనున్న బే (అఖాతం) వైపు. అక్కడ ఫేగర్స్ ఐలాండ్ అనే రెస్టారెంట్‌లో సూర్యుడు మునిగే సమయానికి ఫిరంగి మోతలు వచ్చేలా చైకోవ్‌స్కీ 1812 ఓవర్చర్ అనే ఆర్కెస్ట్రా సంగీతం వేస్తారు. పూర్తి భోజనం ఖరీదే, పిల్లలకి ఓ రెండు స్టార్టర్లు చెప్పి అది చూసి వచ్చేయడం మేలు.

బస విషయానికొస్తే, బోర్డ్‌వాక్ మీది హోటల్ వేసవి వారాంతాల్లో చాలా ఖరీదు. ఉత్తరం వైపు వంటగది ఉన్న కాండో (అద్దెకిచ్చే ఫ్లాట్) తీసుకుంటే ఉదయం ఉప్మా, రాత్రి చారన్నం అక్కడే అయిపోతాయి, తిండి ఖర్చు సగానికి సగం తగ్గేది అక్కడే. చాలా కాండోలు వేసవిలో వారం మొత్తానికే ఇస్తారు, ఆ సంగతి బుక్ చేసేముందే చూసుకోండి. కోస్టల్ హైవే మీద ఊరి బస్సు తిరుగుతుంది, ఒక్క టికెట్‌తో రోజంతా ఎక్కి దిగొచ్చు, బోర్డ్‌వాక్ దక్షిణం కొసన ఉన్న ఇన్‌లెట్ దగ్గర పార్కింగ్ వెతుకులాట టెన్షన్ తప్పుతుంది. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాటాక వెళ్లగలిగితే ఇంకా మంచిది, గది రేట్లు దిగుతాయి, నీళ్లు వెచ్చగానే ఉంటాయి.

దగ్గర్లోని అస్సటీగ్ దీవికి ఒక పూట పెట్టుకునేట్లయితే తిండి వెంట తీసుకెళ్లండి, నేషనల్ సీషోర్ అనే ఆ రక్షిత తీరం లోపల రెస్టారెంట్లు లేవు. అక్కడి అడవి గుర్రాలు కూలర్ల కోసం నేరుగా జనం దగ్గరికి వచ్చేస్తాయి. వాటికి తిండి పెట్టడం, వాటిని ముట్టుకోవడం నిషేధం, కాబట్టి డబ్బాలన్నీ కారులోనే ఉంచి, తినేటప్పుడు మాత్రమే బయటికి తీయండి.