పాత పెట్రోల్ కారుకు ఏ ఆక్సిజన్ సెన్సర్ మేలు?

కారు పదేళ్లు దాటి, లక్ష కిలోమీటర్లు తిరిగి, మైలేజీ తగ్గుతూ, ఒకనాడు డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలిగితే మెకానిక్ నోట ముందుగా వచ్చే మాట ఆక్సిజన్ సెన్సర్, అంటే ఇంజిన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టే పరికరం. ఆ మాట నిజమే కావచ్చు. అయితే కంపెనీ భాగం కొనాలా, అదే కొలతతో బయట దొరికేది కొనాలా, తీగలు కలుపుకునే యూనివర్సల్ రకంతో సరిపెట్టుకోవాలా అన్నది తేల్చుకునే ముందు, పాడైంది ఏ సెన్సరో తెలియాలి.

2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4 (భారత్ స్టేజ్-4) కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ కాలపు కార్లలో సాధారణంగా రెండు సెన్సర్లుంటాయి. పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్నది ఇంధనం పాళ్లను దిద్దుతుంది, వెనకున్నది ప్రధానంగా కన్వర్టర్ పనితీరును కనిపెడుతుంది. వేడెక్కిన ఇంజిన్‌లో ముందు సెన్సర్ ఓల్టేజి 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగాలి. వయసు మళ్లిన సెన్సర్‌లో ఆ ఊపు మందగిస్తుంది, మైలేజీకి గండి పడేదీ అక్కడే. కాబట్టి జతగా రెండూ మార్చమనే సలహాను నేను ఒప్పుకోను. వెనకదాని మీద, స్కానర్ పెడితే కనిపించే లోపపు కోడ్ లేనప్పుడు దాన్ని కదపనవసరం లేదు. పీ0420 కోడ్ వస్తే కన్వర్టరే అరిగిపోయి ఉండవచ్చు. మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని తెలిపే పీ0171 వస్తే ఎక్కడో గాలి లీకవుతోందన్న సంగతిని సెన్సర్ సరిగానే చెబుతూ ఉండవచ్చు. పీ0135 మాత్రం ముందు సెన్సర్‌లోని హీటర్ సర్క్యూట్‌కు సంబంధించినది. అప్పుడు కూడా ముందు ఫ్యూజు చూసి, తరువాత మల్టీమీటర్‌తో హీటర్ తీగల మధ్య నిరోధం కొలవడం మంచిది. నాలుగు తీగల సెన్సర్లలో చాలావాటికి ఒకే రంగులో ఉండే జత హీటర్‌ది.

ఇక ఎంపిక విషయానికి వస్తే, కంపెనీ పెట్టెలో వచ్చే సెన్సర్‌ను చాలా సందర్భాల్లో తయారు చేసేది కార్ల కంపెనీ కాదు. బాష్, డెన్సో, ఎన్‌టీకే వంటి సంస్థలు చేసిన దాని మీద కారు కంపెనీ తన పేరు వేస్తుంది. మీ కారులోని పాత సెన్సర్ మీద ఉన్న పేరూ నంబరూ చదివి, అదే తయారీదారు నుంచి అదే కనెక్టర్‌తో, అదే తీగ పొడవుతో దొరికేది బిల్లుతో కొంటే, సాధారణంగా తక్కువ ధరకే పని జరుగుతుంది. పాత కారుకు నేను ఎంచుకునేది దీన్నే. కనెక్టర్ విషయంలో అనుమానం ఉన్నా, దుకాణం నమ్మదగినది కాకపోయినా కంపెనీ భాగానికే వెళ్లడం మేలు, ఎందుకంటే నకిలీ పెట్టె చూడటానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది.

యూనివర్సల్ రకం ధర ఆకర్షణీయమే గాని, పాత కనెక్టర్ కోసి కొత్త తీగలకు అతకాలి. చాలా సెన్సర్లలో పొగతో పోల్చుకోవడానికి అవసరమైన బయటి గాలి తీగ పోగుల సందుల గుండానే లోపలికి చేరుతుంది. సోల్డరింగ్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది, కాబట్టి తీగలను లోహపు తొడుగులో నొక్కి బిగించే క్రింప్ జాయింటే వాడాలి. మా 2011 నాటి కారుకు ఒక గ్యారేజీలో తీగలు మెలిపెట్టి టేపు చుట్టి పంపారు. తొలి వానాకాలానికే ఆ టేపు ఊడి, లోపల రాగి పచ్చబారి, పీ0135 మళ్లీ వచ్చింది. మిగిలిన డబ్బు రెండోసారి కూలికి పోయింది.

సెన్సర్ కొనను పెట్రోల్‌లో నానబెట్టి, ఇనుప బ్రష్‌తో రుద్ది తిరిగి బిగించే పద్ధతి అసలు పరిష్కారమే కాదు. పింగాణీ పొర మీద పూత లేచిపోతే ఉన్నదీ పోతుంది. తీసిన కొన నల్లగా మసిబారి ఉంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైందని, తెల్లని పొడి కనిపిస్తే కూలెంటో సిలికోన్ సీలెంటో లోపలికి చేరిందని అనుమానించాలి. ఆ కారణాన్ని సరిచేయకుండా బిగిస్తే, ఏ పెట్టెలోని సెన్సరైనా అంతే త్వరగా పాడవుతుంది.