సాంటా క్రోచేలో గంటే టైముంటే: తండ్రి గోడలా, కొడుకు గోడలా?

ఫ్లోరెన్స్‌లోని సాంటా క్రోచే చర్చికి వెళ్ళినవాళ్ళలో చాలామంది మైకెలాంజెలో, గెలీలియోల సమాధులు చూసి, 14వ శతాబ్దపు గొప్ప చిత్రకారుడు జొట్టో బొమ్మల ముందు కాసేపు నిలబడి వచ్చేస్తారు. అదే కప్పు కింద గాద్ది కుటుంబానికి చెందిన తండ్రీకొడుకులు నింపిన గోడలున్నాయి. కుడివైపు అడ్డ రెక్క చివర, బరొంచెల్లి చాపెల్‌లో (చర్చి లోపలి చిన్న ప్రార్థన గది) తండ్రి తద్దేయోవి. బలిపీఠం వెనక పెద్ద చాపెల్‌లో కొడుకు ఆన్యోలోవి. తాత గాద్దో కూడా చిత్రకారుడే కానీ, కచ్చితంగా ఆయనవే అని చెప్పగల పనులు తక్కువ. ఆయన్ని పోటీలోంచి తప్పిద్దాం.

తద్దేయో జొట్టోకి జ్ఞానపుత్రుడు (బాప్తిస్మపు కొడుకు), 24 ఏళ్ళపాటు శిష్యుడు. గురువు నీడలోనే ఉండిపోయాడని ఆయన మీద ఒక చిన్నచూపు ఉంది. బరొంచెల్లిలో కిటికీ ఉన్న గోడను చూస్తే ఆ మాట నిలవదు. 1328 తర్వాత వేసిన ఈ గోడ మీద, రాత్రివేళ గొర్రెల కాపరులకు దేవదూత కనిపించే ఘట్టం ఉంది. ఆ కాలంలో దైవకాంతి అంటే మామూలుగా బంగారు రేకు అంటించడమే. ఇక్కడ మాత్రం వెలుగు దూత దగ్గర పుట్టి, చీకటి కొండ మీదుగా జారి, కింద పడుకున్న మనుషుల మీద పడుతుంది. ఈ మనిషికి వెలుగంటే పిచ్చి. సూర్యగ్రహణాన్ని తేరిపార చూసి కళ్ళు పాడుచేసుకున్నానని తనే ఒక సన్యాసికి ఉత్తరం రాసుకున్నాడు!

అదే చాపెల్‌లో కింది భాగంలో, గోడలో గూళ్ళు ఉన్నట్టు, వాటిలో పూజ సామాన్లు పెట్టినట్టు భ్రమ కలిగించే బొమ్మలున్నాయి. వాటిని వదిలేయకండి. బాలమేరీ ఆలయం మెట్లెక్కే దృశ్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. మెట్ల వరుసను ఏటవాలుగా తిప్పి వేసిన ఆ పద్ధతి ఫ్రాన్స్ దాకా వెళ్ళింది. సుమారు 80 ఏళ్ళ తర్వాత లింబూర్గ్ సోదరులనే చిత్రకారులు ఫ్రాన్స్‌లోని బెర్రీ ప్రభువుకు చేసిన బొమ్మల ప్రార్థన పుస్తకంలో అదే అమరిక కనిపిస్తుంది.

ఇక కొడుకు. 1380లలో అల్బెర్తి కుటుంబం డబ్బు పెడితే ఆన్యోలో సిలువ కథ మొత్తం వేశాడు. ఆదాము సమాధి మీద నాటిన కొమ్మ చెట్టవుతుంది, దాని దుంగ వంతెనవుతుంది, షెబా రాణి దాని ముందు మోకరిల్లుతుంది. ఆ చెక్కే సిలువై, పాతిపెట్టబడి, రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ తల్లి హెలెనాకు దొరికి, పర్షియా రాజు ఎత్తుకుపోతే బైజాంటైన్ చక్రవర్తి హెరాక్లియస్ తిరిగి తెస్తాడు. కథగా చూస్తే భలే ఉంటుంది. పిల్లలతో వెళ్ళినవాళ్ళకు ఇదే నచ్చుతుంది. కానీ ఒక్కో చట్రంలో రెండు మూడు ఘట్టాలు, గుంపులు, గుర్రాలు. కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. పైగా పై వరుసలు మరీ ఎత్తు. మెడ పట్టేయడం ఖాయం.

రంగుల్లో మాత్రం కొడుకుదే పైచేయి. ఈ తీర్పు నాది కాదు. ఆన్యోలో దగ్గర 12 ఏళ్ళు పని నేర్చుకున్న చెన్నీనో చెన్నీనీ తన చిత్రకళ పుస్తకంలో, తండ్రి కంటే ఆన్యోలో రంగులు ఎంతో అందంగా, తాజాగా ఉంటాయని రాశాడు. శిష్యుడి మాట కదా అని కొంచెం తగ్గించి చూసినా, గోడ మీద అది నిజమే. ముఖానికి ముందు పచ్చమట్టి రంగు పూసి, దాని మీద గులాబీ ఛాయలు మెట్లుమెట్లుగా ఎక్కించే పద్ధతి జొట్టో నుంచి తద్దేయోకి, ఆయన నుంచి ఆన్యోలోకి, అక్కడి నుంచి ఆ పుస్తకంలోకి చేరింది.

నా లెక్కలో గంటలో 40 నిమిషాలు తండ్రికే. మీరే కుంచె పట్టేవాళ్ళయితే తిరగేసుకోండి. చెన్నీనీ రాసింది చదివి ఆన్యోలో ముఖాలు చూస్తే చాలా పట్టుబడుతుంది. ఇంకాస్త టైం దొరికితే పాత భోజనశాలకు వెళ్ళండి. 1966 వరద ముంచెత్తిన గది అదే. అక్కడ గోడంతా తద్దేయో వేసిన జీవవృక్షం, దాని కింద కడరా భోజనం. అది మాత్రం మెడ ఎత్తకుండానే చూడొచ్చు.