చెప్పు ఊడినా తెలియని కాలికి చెప్పులు కుట్టించుకున్నా

ఉగాది ముందు తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటి పోతావుంటే, వెనక నుంచి ఒక పిల్లోడు "తాతా, నీ చెప్పు!" అని పరిగెత్తుకుంటా వచ్చినాడు. ఎడమ చెప్పు ఎప్పుడో ఊడిపోయింది. నాకు తెలిస్తే కదా! ఇరవై ఎనిమిదేళ్లు కొండ బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన కాళ్లివి. షుగరొచ్చి పదిహేడేళ్లు.

డాక్టరమ్మ పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు అరికాలికి ఆనించి "తెలుస్తోందా?" అంటే, ఆమె ఎప్పుడు ఆనించిందో కూడా కనుక్కోలేకపోయినా. నరాలు చెడితే స్పర్శ ఒక్కటే పోదంట, పాదంలోని చిన్న కండరాలూ నీరసిస్తాయంట. నా వేళ్లు గద్దగోళ్ల మాదిరి వంకర తిరిగింది అందుకే. వేళ్ల మొదట్లో ఎముకల కింద ఉండే మెత్త ముందుకు జరిగిపోయింది. చీలమండ బిగుసుకుపోయి మడమ తొందరగా లేస్తుంది, ఒంటి బరువంతా ఆ ఎముకల మీదనే. ఆనెకాయ సరిగ్గా అక్కడే కాసింది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూస్తే తూలిపోతా, గోడ పట్టుకోవాల్సిందే.

గాంధీ రోడ్డు పక్క సందులో ఒకాయన ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు అనే మెత్త రబ్బరు) చెప్పులు కుడతాడంటే పోయినా. తడి కాలితో కాగితం మీద నిలబెట్టి అచ్చు తీసుకున్నాడు. పనిమంతుడే. స్పర్శ లేని కాళ్లకు పుండ్లు ఎందుకు పడతాయో వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పాల్ బ్రాండ్ డాక్టరు కుష్ఠు రోగుల కాళ్లు చూసి చెప్పినాడంట. ఈ మెత్త రబ్బరు అప్పట్లో వాళ్లకు వాడిందేనంట.

లోపల బొటనవేలితో నొక్కితే దిగి మళ్లీ లేచే మెత్త, అడుగున గట్టి రబ్బరు, మడమ వెనక పట్టీ. వేలి సందు పట్టీ లేదు. వేళ్లతో పట్టుకుని నడిచే పని లేదు గాబట్టి అడుగు నిదానంగా పడుతుంది. రెండు నెలలకు ఆనెకాయ పలచబడింది (నేను బ్లేడు పట్టుకోలేదు, ఆసుపత్రిలోనే గీయించుకున్నా).

ధర 1,450. నాలుగు రోజులన్నాడు, పదకొండు రోజులు తిప్పినాడు. చిటికెనవేలి పక్కన పట్టీ ఒరుసుకుంది. నొప్పి తెలియదు కదా, రాత్రి మా ఆవిడ ఎర్రమచ్చ చూసి అరిచింది. మొదటి వారం గంటసేపే వేసుకుని విప్పి చూడమని ఆయన ముందే చెప్పి ఉండొచ్చు. ఐదో నెలకు వెల్‌క్రో పట్టు వదిలేసింది.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉత్తకాళ్లతో ఎక్కే మొక్కు ఒకటి మిగిలిపోయింది. డాక్టరమ్మ ససేమిరా అంది. స్వామికి నా కాళ్ల సంగతి తెలుసు, బస్సులోనే పోతా.

నిన్న ఇంట్లో వేసుకునేదానికి ఇంకో జతకు అడ్వాన్సిచ్చినా. ఈసారి వెల్‌క్రో వద్దు, బకిలు పెట్టమన్నా.