ముందు పోయింది జిప్పు: స్పోర్ట్స్ రైడింగ్ బూట్లతో ఏడేళ్లు

2018 అక్టోబరులో, దసరా బోనస్ పడిన వారంలోనే రూ.18,500 పెట్టి ఒక ఇటలీ కంపెనీ స్పోర్ట్స్ బూట్లు కొన్నాను. బండి చూస్తే యమహా ఆర్‌15. బండి ఖరీదులో దాదాపు ఎనిమిదో వంతు బూట్లకే పోశానని తెలిసి నాన్న రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "ఆ డబ్బుతో మూడేళ్లు చెప్పులు కొనుక్కోవచ్చురా" అని మాత్రం అన్నారు. ఆయన వేసుకునే చెప్పులైతే మూడేళ్లు కాదు, ముప్పై ఏళ్లకు సరిపోతాయి.

ఆ జతే ఇప్పటికీ వాడుతున్నాను. వైజాగ్ నుంచి అరకు, లంబసింగి, మారేడుమిల్లి, విజయవాడ, అన్నీ కలిపి 46 వేల కిలోమీటర్లు. ఈలోగా ఒక జిప్పు, రెండు రన్నర్లు (జిప్పుని మూసే, తెరిచే ముక్కలు) మారాయి. రెండు సోళ్లూ కుట్టించాను. ఒక చీలమండ దక్కింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఎలాగూ ఇప్పుడు దొరకడం లేదు, పైగా నేను చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు ఈ తరహా బూట్లన్నిటికీ ఉన్నవే.

పిక్క పైదాకా వచ్చే బూటు ఇది. పైభాగం మైక్రోఫైబర్, అంటే తోలులా కనిపించే సింథటిక్. కాలి ముందు ఎముకకి ప్లాస్టిక్ పలక, చీలమండకి రెండు వైపులా గట్టి కప్పులు, మడమ చుట్టూ డిప్ప, చిటికెన వేలి వైపు స్క్రూతో బిగించిన స్లైడర్, అంటే మలుపులో రోడ్డుకి తగిలితే బూటు బదులు రాసుకునే ముక్క. లోపలి వైపు పొడుగ్గా జిప్పు, దాని మీద కప్పేసే వెల్‌క్రో పట్టీ. లోపలున్న చిన్న లేబుల్ మీద మోటార్‌సైకిల్ బొమ్మ, ఈఎన్ 13634 అనే యూరోపియన్ ప్రమాణం నంబరు, దాంతోపాటు నాలుగు అంకెలు ఉంటాయి. మొదటిది బూటు ఎత్తు. రెండోది రోడ్డుకి రాసుకుంటే అరిగిపోకుండా ఎంత ఆగుతుందో చెప్తుంది. మూడోది కోతకి, నాలుగోది పక్కల నుంచి నొక్కితే నలగకుండా ఉండడానికి. ఒక్కోదానికి 1 గానీ 2 గానీ వేస్తారు, 2 అయితే మేలు. ఐపీఏ అని కూడా ఉంటే చీలమండ మీద దెబ్బ పరీక్ష కూడా పాసయిందని అర్థం. నేనైతే ఆ నాలుగో అంకె చూశాకే ధర చూస్తాను. ఎందుకో కింద చెప్తాను.

మొదటి వారం గేర్లు వేయడమే మర్చిపోయినట్టయింది. బూటు ముక్కు లావు, లివర్ కిందికి దూరదు. రెండు నుంచి మూడుకి వేస్తే మధ్యలో ఫాల్స్ న్యూట్రల్ (ఏ గేరూ పడకపోవడం), ఇంజను ఒక్కసారిగా గీపెట్టడం, పక్కన ఆటోవాడు తిరిగి చూడడం. బూట్లే తప్పు కొన్నాననుకున్నాను. చివరికి గేర్ రాడ్‌కి రెండు చివరలా ఉన్న లాక్ నట్లు వదులు చేసి, రాడ్ తిప్పి లివర్‌ని కొంచెం పైకి లేపాను. పది నిమిషాల పని. బూట్లు కొన్నవాళ్లెవరైనా మొదటిరోజే చేయాల్సింది ఇదే. షాపులో ఎవరూ చెప్పరు.

ఇక అసలు విషయం. ఈ బూట్లకి పేరుమోసిన ఇటలీ కంపెనీల్లో కొన్ని ఉత్తరాన మోంటెబెల్లూనా, అసోలో చుట్టుపక్కల పుట్టాయి. కొండలెక్కేవాళ్లకీ, స్కీయింగ్ చేసేవాళ్లకీ బూట్లు కుట్టి చేయి తిరిగిన ఊళ్లవి. పని గొప్పగానే చేస్తారు, కాదనను. కానీ పొద్దున్న వేసుకున్న బూట్లు రాత్రికి విప్పే మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని కుట్టినట్టుంటుంది. మన బతుకు అలా కాదు కదా.

ఒక ఆదివారం అరకు వెళ్లొచ్చే లెక్క చెప్తాను. తెల్లవారుజామున గడప బయట మెట్టు మీద కూర్చుని వేసుకోవడం. గ్లవ్స్ లోపల మర్చిపోతే విప్పడం, మళ్లీ వేసుకోవడం. బూట్లతో ఒక్క అడుగు లోపల పెట్టినా అమ్మ ఊరుకోదు. అడివివరం మీదుగా పోతాను కాబట్టి సింహాచలం కొండ కింద తొలిపావంచా దగ్గర ఆగి దండం పెట్టుకోవడానికి ఇంకోసారి. శృంగవరపుకోటలో మా చిన్నత్త ఇల్లుంది, ఆగకుండా దాటిపోయానని తెలిస్తే నెల్లాళ్లు సాధిస్తుంది. "ఏట్రా ఇవి, ఏనుగు కాళ్లలాగ! విప్పి లోనికి రా, కాఫీ చల్లారిపోతంది" అంటుంది ప్రతిసారీ, మొదటిసారి చూస్తున్నట్టే. తిరుగు ప్రయాణంలో ఆవిడ కట్టిచ్చిన పచ్చడి సీసా తీసుకోవడానికి మళ్లీ అదే గడప. అంతా కలిపితే ఒక్కరోజులో ఐదారు సార్లు. ప్రతిసారీ రెండు జిప్పులు, రెండు వెల్‌క్రోలు. పైగా మన రోడ్ల దుమ్ము, భీమిలి వైపు పోతే బీచ్ ఇసక.

అందుకే నా బూట్లలో ముందు పోయింది జిప్పు. తర్వాత వెల్‌క్రో. ఎక్కడికీ రాసుకోని పలకలు, కప్పులు మాత్రం ఒక్క మచ్చ తప్ప కొత్తవాటిలాగే ఉన్నాయి.

రెండేళ్లు తిరక్కుండానే కుడి బూటు జిప్పు వెనకాలే విచ్చుకోవడం మొదలైంది. రన్నర్ పైకి వెళ్లిపోతుంది, కింద పళ్లు నోరు తెరుచుకుంటాయి. ఇక్కడ నేనొక తప్పు చేశాను. మొత్తం జిప్పు పాడైపోయిందనుకుని బ్యాగులు కుట్టే షాపులో కొత్తది వేయించాను, రూ.250. అతను వేసింది స్కూలు బ్యాగు జిప్పు, 5 నంబరుది. పిక్క దగ్గర బిగువుకి నెల తిరక్కుండా తెగింది. నిజానికి పళ్లు బాగానే ఉన్నాయి, అరిగింది రన్నరే. రన్నర్ లోపలి అంచులు అరిగి వెడల్పయితే పళ్లని కలిపి నొక్కలేదు. కటింగ్ ప్లేయర్‌తో రెండు పక్కలా మెల్లగా నొక్కితే కొన్ని వారాలు నడుస్తుంది, తర్వాత రన్నర్ ఒక్కటీ మార్చుకోవాలి. వెనకాల నంబరు రాసి ఉంటుంది, అదే నంబరు తెచ్చుకుంటే సరి. ఇరవై రూపాయల పని. ఎడమ బూటుకి అలాగే చేశాను, ఆ జిప్పు ఇంకా ఒరిజినలే. కుడిదానికి తెగిన బ్యాగు జిప్పు పీకించి, ఇంకా లావు పళ్లున్న 10 నంబరుది వెతికి కుట్టించుకున్నాను. నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో ఇసక దులిపి, పళ్ల మీద కొవ్వొత్తి ముక్క రుద్దుతాను. పట్టుకునే ట్యాబ్ ఎప్పుడో ఊడిపోయింది. దాని బదులు తాళాల రింగు ఒకటి తగిలించాను, గ్లవ్స్ వేసుకున్నా వేలు దూరుతుంది. కంపెనీవాడి ట్యాబ్ కంటే ఇదే నయం.

వెల్‌క్రోకి మందు లేదు. కొక్కేల వైపు దారాలు, వెంట్రుకలు ఇరుక్కుంటాయి, పిన్నీసుతో తీసుకుంటూ ఉండాలి. కుర్చీలో కూర్చుని టీవీ చూస్తూ చేసే పని.

వానల సంగతి క్లుప్తంగా. నేను కొన్నది గాలి కోసం చిల్లులున్న మోడల్. మే నెల ఎండకి అదే సరైన నిర్ణయం. జులైలో మాత్రం అది బూటు కాదు, కుండ. పైన వేసుకునే రెయిన్ కవర్లు రెండు జతలు చిరిగాయి, గేర్ లివర్ తగిలే చోట చిరగకుండా ఉండవు. ఇప్పుడు మేజోడు మీద క్యారీ బ్యాగు తొడుక్కుని ఆపైన బూటు వేసుకుంటాను. చూడ్డానికి పరువు తక్కువే, కాలు మాత్రం తడవదు. డిసెంబరులో లంబసింగి వెళ్లినప్పుడు ఆ చిల్లుల్లోంచే చలి దూరి వేళ్లు మొద్దుబారిపోయాయి. అక్కడా క్యారీ బ్యాగే దిక్కయింది. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టాలి. ఒకసారి బద్ధకించి అలాగే వదిలేస్తే నాలుగోరోజుకి లోపలంతా తెల్లగా బూజు. అమ్మ వాటిని పిట్టగోడ మీదికి విసిరేసింది.

2021 సెప్టెంబరులో అనంతగిరి ఘాట్ దిగుతున్నాను. ముందురోజు వాన పడింది, కొండ మీంచి ఎర్రమట్టి జారి ఒక మలుపు సగం దాకా పరుచుకుంది. స్పీడు ముప్పై కూడా ఉండదు. ముందు చక్రం మట్టి మీదికి ఎక్కడం తెలిసింది, అంతే, బండి ఎడమ వైపు పడిపోయింది. పడడం కాదు, కాలు కింద ఇరుక్కోవడం. 140 కిలోల బండి, ఫుట్‌రెస్ట్ కొన సరిగ్గా చీలమండ మీద. బండిని లేపుకుందామంటే బురదలో పట్టు దొరకదు. వెనకాల కాఫీ తోటలకి పోయే జీపు వచ్చి, అందులోంచి ఇద్దరు దిగి లేపేదాకా రెండు మూడు నిమిషాలు అలాగే ఉన్నాను. ఆ రెండు నిమిషాలూ నా టెన్షనంతా ఒక్కటే, బూటు విప్పితే లోపల ఏం కనిపిస్తుందో అని.

లోపల ఏమీ లేదు. వాపు, నీలం మచ్చ, రెండు రోజులు కుంటడం. ఎక్స్‌రే తీయించాను, ఎముకకి ఏమీ కాలేదు. బూటు చూస్తే, చీలమండ కప్పు మీద ఫుట్‌రెస్ట్ నొక్కిన చోట నల్ల ప్లాస్టిక్ తెల్లబారింది. పావలా బిళ్లంత మచ్చ, ఇప్పటికీ ఉంది. లేబుల్ మీద నాలుగో అంకె అన్నాను కదా, అది దీనికి. రేస్ ట్రాక్ మీద పడేవాళ్లు జారుకుంటూ పోతారు. రోడ్డు మీద పడే మాబోటివాళ్లం ఎక్కువగా బండి కింద ఇరుక్కుంటాం. ఒక్క అనుభవంతో శాస్త్రం చెప్పను గానీ, అదే ఏడాది మా ఆఫీసు కుర్రాడు కాన్వాస్ బూట్లతో, పార్కింగ్‌లో, నిలబడ్డ బండి కాలి మీద పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు కట్టు.

స్లైడర్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. రోడ్డు మీద దాని వల్ల ఉపయోగం నాకేమీ కనిపించలేదు. దాని మీదున్న గీతలన్నీ సైడ్ స్టాండు తన్నినవీ, సెల్లార్ గోడకి తగిలినవీ. వైబ్రేషన్‌కి స్క్రూ వదులై ఒక స్లైడర్ అన్నవరం దగ్గర హైవే మీద ఎక్కడో పడిపోయింది. స్పేర్ కోసం అడిగితే కొన్న షాపువాళ్లు రెండు నెలలు తిప్పి, చివరికి లేదన్నారు. రెండోదాని స్క్రూకి థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేశాను.

నాకు బాగా కోపం తెప్పించింది సోలు. 2020 లాక్‌డౌన్‌లో బండి తీయలేదు. బూట్లు శుభ్రంగా తుడిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, డబ్బాలో పెట్టి బీరువా పైన భద్రపరిచాను. తరచూ వాడేవాటి కంటే జాగ్రత్తగా చూసుకున్నాననుకున్నాను. తర్వాత 2023లో బొర్రా గుహల మెట్లు ఎక్కుతుంటే ఎడమ మడమ దగ్గర సోలు నాలుకలా వేలాడింది. వారంలో కుడిదీ అంతే. చెప్పులు కుట్టే తాత ఒకాయన పూర్ణా మార్కెట్ దగ్గర కూర్చుంటాడు, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. సోలు వెనక్కి లాగి చూసి, వేలితో గీరాడు. రబ్బరుకీ బూటుకీ మధ్యనున్న మెత్తటి పొర పొడిపొడిగా రాలింది.

"బాబూ, పైదంతా రాయిలాగుంది. లోపలిది పిండయిపోనాది. కవర్లో ఎట్టీసేవా ఏటి?"

అంత సూటిగా ఎలా పట్టుకున్నాడో! ఆ పొర పాలీయురెథేన్ ఫోము. గాలిలోని తేమకి లోలోపలే విరిగిపోతుంది, దాన్ని హైడ్రాలిసిస్ అంటారు. వాడినా వాడకపోయినా జరిగేదే, వేడి, తేమ కలిసి గాలాడని చోట ఇంకా తొందరగా జరుగుతుంది. వైజాగ్ గాలి సంగతి తెలిసిందే, బీరువాలో బట్టలే ముక్కవాసన వేస్తాయి. నేను భద్రం అనుకుని చేసిందే బూట్లని తినేసింది. ఆయన ఆ పొరంతా గీకేసి, పలచటి రబ్బరు షీటు కోసి అంటించి, రబ్బరు సోలు తిరిగి పెట్టి, చుట్టూ నైలాన్ దారంతో కుట్టాడు. జతకి రూ.700. నాలుగు వందలకి బేరమాడబోయి, ఆయన దబ్బనం ఆ ప్లాస్టిక్ అంచులో దింపడానికి పడుతున్న కష్టం చూసి నోరు మూసుకున్నాను. ఇప్పుడు సోలు కాస్త బిరుసుగా ఉంది, ఫుట్‌రెస్ట్ వైబ్రేషన్ కొంచెం ఎక్కువ తెలుస్తుంది. అయినా రెండేళ్లకు పైగా ఊడలేదు. ఇప్పుడు బూట్లు డబ్బాలో కాదు, బాల్కనీ తలుపు పక్కన నీడలో, గాలి తగిలేలా ఉంటాయి.

ఆఫీసుకి రోజూ వేసుకుందామనుకునేవాళ్లు మాత్రం వీటి జోలికి పోవద్దు. ఇవి ప్యాంటు పైకి వేసుకునేవి, మామూలు జీన్స్ వీటి మీదికి దిగవు. కాబట్టి అడుగు దగ్గర బిగువుగా ఉండే రైడింగ్ ప్యాంటు ఖర్చు అదనం. నడిస్తే కిర్రు కిర్రుమని ప్లాస్టిక్ చప్పుడు, చెక్‌పోస్టు దగ్గర ఒక కానిస్టేబుల్ "ఏ డిపార్ట్‌మెంట్ సార్?" అని కూడా అడిగాడు. సిటీలో తిరగడానికి చీలమండ కప్పుకునే పొట్టి రైడింగ్ షూస్ చాలు. ఇంకొకటి: చిన్నప్పట్నుంచి చెప్పులు, ఉత్తి కాళ్లతో తిరిగిన పాదాలు ముందువైపు వెడల్పుగా ఉంటాయి, ఈ ఇటలీ అచ్చులు సన్నం. నాకు మామూలుగా 42 సరిపోతుంది, ఇవి 43 తీసుకున్నాను. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పొడుగు మేజోళ్లతో వేసి చూసుకోవాలి.

అదే తరహా జత ఇప్పుడు పాతిక వేలు దాటింది. మొన్న ఒక షాపులో కొత్త మోడల్ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కుర్రాడు చీలమండ హింజి గురించి, మ్యాగ్నీషియం స్లైడర్ గురించి చెప్పుకుపోతున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని జిప్పు పైకి, కిందికి లాగుతూ ఉన్నాను. ఎనిమిదోసారికి వాడు మాటలు ఆపేశాడు. రన్నర్ తిప్పి వెనకాల నంబరు చూశాను. 5.