గ్లాక్ 19 తీసుకోవాలా, సిగ్ పీ365 తీసుకోవాలా?

డాలస్‌లో మనవాళ్లు పిస్టల్ మాట ఎత్తితే తిరిగి తిరిగి ఈ రెండు పేర్లే వస్తాయి. (హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇక్కడే ఆగండి, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్‌కార్డ్ ఉంటే వేరే సంగతి.)

రెండూ 9 ఎంఎం తూటా వాడేవే. ఈ గ్లాక్ మోడల్ 1988 నాటిది, 15 తూటాలు పడతాయి, ఖాళీగా దాదాపు 670 గ్రాములు. పీ365 వచ్చింది 2018లో, మామూలుగా 10 తూటాలు, అర కిలో. నడుముకి పెట్టుకుని రోజంతా తిరిగేవాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది, కారులో కూర్చుంటే పీ365 పొట్టలో గుచ్చుకోదు. కానీ షూటింగ్ రేంజ్‌కి వెళ్తే కథ మారుతుంది: చిన్నది చేతిలో ఎగిరిపడుతుంది, నా అరచేతికైతే చిటికెన వేలు పెట్టుకునే చోటే లేదు.

అసలు తేడా క్లీనింగ్ దగ్గర. గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) తీసేశాం కదా అని ఛాంబర్‌లో (గొట్టం వెనక, పేలే తూటా కూర్చునే చోట) మిగిలిన ఒక్క తూటా సంగతి మర్చిపోతే, అదృష్టం బాగుంటే గోడకి చిల్లుతో పోతుంది. అందుకే స్లైడ్ (పిస్టల్ మీద జరిగే పైభాగం) వెనక్కి లాగి, కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి కూడా చూస్తాను, మా ఆవిడ నవ్వినా సరే. పీ365లో స్లైడ్ లాక్ చేసి పక్కనున్న లివర్ తిప్పితే చాలు, ట్రిగ్గర్ ముట్టుకోనక్కర్లేదు. అయినా ఛాంబర్ చూడాల్సిందే.

గ్లాక్‌కి బయట సేఫ్టీ మీట ఉండదు. అది లేకపోతే టెన్షన్ అనుకునేవాళ్లకి పీ365లో మీట ఉన్న మోడల్ దొరుకుతుంది.

మొదటిసారి కొంటున్నారా? నా ఓటు గ్లాక్‌కే, గురి కుదిరాక చిన్నదాని సంగతి చూడొచ్చు.