మధ్యంతర ఉత్తర్వుపై వెంటనే అప్పీలా, తుది తీర్పు దాకా ఓపికా: ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి కోర్టులో దావా నడుపుతున్న తెలుగువారికి సలహాలకు కొదవ ఉండదు. సరిహద్దు దాటితే వచ్చే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో ఒక బావగారో వియ్యంకుడో ఉండి తీరుతారు. "ఉత్తర్వు ఎదురుతిరిగిందా, మర్నాడే హైకోర్టుకు పో" అన్నది వారి మాట. సివిల్ ప్రొసీజర్ కోడ్ రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నదే అయినా, ఆ సలహా ఇక్కడ చాలాసార్లు చెల్లదు.

దావాలోని హక్కులను తేల్చే డిక్రీ మీద, అది రాజీ డిక్రీ కానంతవరకు, 96వ సెక్షను కింద అప్పీలు ఉంటుంది. దావా మధ్యలో వచ్చే ఉత్తర్వుల సంగతి వేరు: 104వ సెక్షను, 43వ ఆర్డరు మొదటి రూలు పేర్కొన్నవాటికే అప్పీలు ఉంది. గట్టు తగాదాలో తాత్కాలిక ఇంజంక్షన్ (ఫలానా పని చేయవద్దన్న నిషేధ ఉత్తర్వు) ఇచ్చినా, ఇవ్వనన్నా అప్పీలు చేసుకోవచ్చు. ఒక పక్షం హాజరుకానప్పుడు ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయనన్నా చేసుకోవచ్చు. ప్లెయింటు (వాది వేసిన దావా పత్రం) సవరణకు ఒప్పుకోకపోయినా, సాక్షిని మళ్లీ పిలవనన్నా ఆ దారి లేదు.

ఇంజంక్షన్ విషయంలో ఆగడం తప్పని నా అభిప్రాయం, ఎందుకంటే తీర్పు వచ్చేనాటికి గట్టు చెరిగిపోయి, అవతలివాడు రెండు పంటలు కోసుకుని ఉంటాడు. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు. ఆ మధ్య ఒక రైతు కంగారుగా ధ్రువీకృత నకలు తెచ్చి, నలభై రోజులు దాటిపోయాయని కూలబడ్డాడు. నకలు చేతికొస్తే నేను ఉత్తర్వు కంటే ముందు దాని మీద వేసిన తేదీలే చదువుతాను. దరఖాస్తు పెట్టిన రోజుకూ నకలు సిద్ధమైన రోజుకూ మధ్య పదిహేను రోజులు గడిచాయి. లిమిటేషన్ చట్టం 12వ సెక్షను ప్రకారం ఆ కాలం లెక్కలోంచి పోతుంది కనుక ఆయనకు గడువు మిగిలే ఉంది. అయితే అప్పీలు వేసినంత మాత్రాన కింది ఉత్తర్వు ఆగదు, స్టే వేరుగా అడగాలి. కింది కోర్టు తన విచక్షణను సక్రమంగా వాడితే, తనకు మరోలా తోచిందని పై కోర్టు జోక్యం చేసుకోదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. ఖర్చు పెట్టే ముందు ఇది తలచుకోవాలి.

అప్పీలు లేనిచోట రివిజన్, అంటే కింది కోర్టు తన అధికార పరిధిలోనే నడిచిందా అని పై కోర్టు చూడటం, గుర్తొస్తుంది. 2002 జులై 1న అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని బాగా కుదించింది: ఉత్తర్వు మనకు అనుకూలంగా వచ్చి ఉంటే దావా అక్కడితో ముగిసిపోయేదా అన్నదే ప్రశ్న. ప్లెయింటును తిరస్కరిస్తే అది డిక్రీ, అప్పీలు ఉంటుంది. తిరస్కరించనంటే ప్రతివాదికి రివిజనే దారి. పాతపట్నం బావగారికి తెలియనిది ఇంకొకటి ఉంది: 2010లో ఒడిశా చేసిన సవరణ ప్రకారం ఐదు లక్షల రూపాయల విలువ దాటిన దావాల్లోనే రివిజన్ హైకోర్టుకు వెళ్తుంది, మిగతావి జిల్లా కోర్టులోనే. హైకోర్టు ఉన్న కటక్‌కు ప్రయాణం అక్కరలేకుండానే పోవచ్చు.

కింది కోర్టులపై పర్యవేక్షణ అధికారమిచ్చే రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టు తలుపు తట్టవచ్చు గానీ, అది హక్కు కాదు, కోర్టు దయతలిస్తేనే. సివిల్ కోర్టు ఉత్తర్వుల మీద 226 కింద రిట్ చెల్లదని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక ఓపిక పట్టడం. 105వ సెక్షను ప్రకారం, దావా ఫలితాన్ని ప్రభావితం చేసిన మధ్యంతర ఉత్తర్వులోని తప్పును తుది డిక్రీ అప్పీలులో ఎత్తి చూపవచ్చు. ఆ ఉత్తర్వు వచ్చినప్పుడే అప్పీలు వేయలేదన్న కారణంతో అభ్యంతరం పోదు. సవరణకో, సాక్షికో సంబంధించిన ఉత్తర్వు మీద కటక్‌కు తిరిగి రెండేళ్లు పోగొట్టుకోవడం కంటే, విచారణ సాగనిచ్చి, ఆ అభ్యంతరాన్ని చివరి అప్పీలుకు దాచుకోవడమే నా మటుకు మేలు. చాలామంది కక్షిదారులకు ఇది చేతకానితనంలా కనిపిస్తుంది, నిజానికి దీని వల్ల పోయేది ఏమీ లేదు.

ఒక్కచోట మాత్రం ఓపిక మోసం చేస్తుంది. పై కోర్టు కేసును మళ్లీ విచారించమని కింది కోర్టుకు తిప్పి పంపినప్పుడు, ఆ రిమాండు ఉత్తర్వుపై అప్పీలు ఉండి కూడా వేయకపోతే, అది సరికాదని తర్వాత అనే వీలు 105వ సెక్షను రెండో ఉపవిభాగం ఇవ్వదు. కాబట్టి రిమాండు ఉత్తర్వు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టాలి.