చనిపోయినవారి లాగిన్‌తో రిటర్న్ వేసే ఏజెంట్లతో జాగ్రత్త

ఇంట్లో పెద్దవాళ్లు పోయాక వాళ్లకు రావాల్సిన టాక్స్ రీఫండ్ కోసం ఎవరినైనా పట్టుకుందామనుకుంటున్నారా? ముందు ఇది చదవండి. లీగల్ హెయిర్ రిజిస్ట్రేషన్ (పోయినవారి తరఫున రిటర్న్ వేయడానికి వారసులుగా నమోదు కావడం) అంతా తనే చూసుకుంటానని మా దగ్గర డబ్బు తీసుకున్న కన్సల్టెంట్ అసలు ఆ రిజిస్ట్రేషనే చేయలేదు.

నాన్నగారు 2024 మార్చిలో పోయారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద బ్యాంకు ముందే కోసుకున్న పన్ను (టీడీఎస్) వెనక్కి రావాలి. వెరిఫికేషన్‌కి ఓటీపీ వస్తుందని అమ్మకు చెప్పి, ఆ కన్సల్టెంట్ పాన్, ఆధార్ కాపీలతో పాటు నాన్నగారి సిమ్ కూడా పట్టుకెళ్లాడు. దాంతో పాస్‌వర్డ్ మార్చి, ఆయన బతికే ఉన్నట్టు ఆయన లాగిన్ నుంచే రిటర్న్ వేసేశాడు. రీఫండ్ పెరగాలని నాన్నగారు ఎన్నడూ ఇవ్వని విరాళాలు 80జీ (విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) కింద చూపించాడు. ప్రొఫైల్‌లో ఫోన్ నంబరు, మెయిల్ కూడా తనవే పెట్టుకున్నాడు, అందుకే ఏ మెసేజీ మా దాకా రాలేదు. బ్యాంకు ఖాతా అప్పటికే మూసేయడంతో రీఫండ్ ఫెయిలైంది. అలా బయటపడింది. రిటర్న్ వేసినట్టు వచ్చే రసీదు (అక్నాలెడ్జ్‌మెంట్) తెప్పించి చూస్తే నాన్నగారి పేరుతో, ఆధార్ ఓటీపీతో వెరిఫై అయినట్టు ఉంది. తేదీ 2024 జులై! అది చూసి అమ్మకు ఎంత టెన్షన్ పట్టుకుందో చెప్పలేను.

ఆ టెన్షన్ ఊరికే పడింది కాదు. ఆ ఏడాదికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం 159వ సెక్షన్ ప్రకారం పోయినవారి పన్ను బాకీకి సంక్రమించిన ఆస్తి మేరకు వారసులే జవాబు చెప్పాలి. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేసినా నోటీసు మన ఇంటికే వస్తుంది.

అసలు పద్ధతికి పోయినవారి సిమ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. వారసులు తమ సొంత పాన్‌తో ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అయి, 'ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్'లో రిప్రజెంటేటివ్ అసెస్సీగా (అంటే పోయినవారి తరఫున పన్ను వ్యవహారాలు చూసేవారిగా) రిజిస్టర్ కావాలి. కేటగిరీ దగ్గర 'డిసీజ్డ్' (చనిపోయినవారు) అన్నది ఎంచుకోవాలి. మరణ ధ్రువపత్రం, పోయినవారి పాన్ కాపీ, వారసత్వ రుజువు జతచేయాలి. రుజువుగా తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ గానీ, రిజిస్టర్ చేసిన వీలునామా గానీ, ఫ్యామిలీ పెన్షన్ సర్టిఫికెట్ గానీ చెల్లుతుంది. దీనికి ప్రభుత్వం రూపాయి కూడా తీసుకోదు. డిపార్ట్‌మెంట్ ఆమోదించాక రిటర్న్‌ని మన ఓటీపీతోనే వెరిఫై చేస్తాం. మేం ఇలాగే రిజిస్టర్ చేసుకుని, అప్పటి డిసెంబరు 31 గడువు లోపే దొంగ విరాళాలు తీసేసి రివైజ్డ్ (సవరించిన) రిటర్న్ వేశాం.

ఇంకొకటి, పాన్ వెంటనే రద్దు చేయించేద్దామని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి. రిటర్నులు, రీఫండ్ అన్నీ తేలాకే అసెసింగ్ ఆఫీసరుకు (పన్ను లెక్కలు చూసే అధికారికి) లెటర్ పెట్టి సరెండర్ చేయొచ్చు.

ఇప్పటికే ఎవరికైనా సిమ్ ఇచ్చి ఉంటే ఈరోజే వెనక్కి తీసుకోండి. రిజిస్ట్రేషన్ కాగానే మీ వాళ్ల ఖాతాలో ఏ ఏ రిటర్నులు వేశారో, ప్రొఫైల్‌లో ఎవరి ఫోన్ నంబరు ఉందో చూడండి.